చివరి పేజీలో బావగారు

సభాసంఘం అధ్యక్షుడు టీ తెచ్చిన మనిషిని ఆపి, ఆ చివర కూర్చున్నాయనకి చక్కెర లేకుండా ఇమ్మన్నాడు.

ఆ చివర కూర్చున్నాయన మంత్రిత్వశాఖ న్యాయాధికారి. టీ తాగాక కప్పు అడుగున మిగిలిన చక్కెరని కూడా చెంచాతో గీకి తినే రకం. ఈ సంగతి ఎదురుగా కూర్చున్న లాయరమ్మకి బాగా తెలుసు. ఆయన ఆమెకి సొంత బావ, అక్క భర్త.

ఇవాళ మాత్రం ఇద్దరూ చెరో పక్షం. కొత్త సమాచార రక్షణ బిల్లు మానవ హక్కుల ప్రమాణాలకు ఎందులోనూ తీసిపోదని బావ వాదన. ఒక్కచోట తీసిపోయిందని మరదలి పట్టు. జనం వివరాలు ప్రభుత్వ కార్యాలయం నుంచి బయటికి పొక్కితే, భద్రత అనే ఒక్క మాట చెప్పి ఆ సంగతి వాళ్లకే తెలియకుండా దాచొచ్చని బిల్లులో ఉంది. ప్రమాణాల ప్రకారం చెప్పి తీరాలి. దాచక తప్పదంటే, అది సబబో కాదో బయటివాళ్లు తేల్చాలి. ఇవాళ ఆ సెక్షన్ మార్పించలేకపోతే సాయంత్రానికి సంఘం ఆమోదముద్ర వేసేస్తుంది.

ఇంతకీ అధ్యక్షుడికి బావ మీద ఈ శ్రద్ధేమిటి? అధ్యక్షుడు ఏ నివేదికనైనా వెనక నుంచి చదువుతాడని ప్రతీతి. బావ అందరికీ పంచిన నివేదికలో తన ప్రతిని ఆమె వెనక్కి తిప్పి చూసింది. చిట్టచివర బావ రక్తపరీక్ష ఫలితం. పేరు, వయసు, హద్దు దాటిన షుగరు, కొవ్వు, అన్నీ ఉన్నాయి.

ఎలా వచ్చిందో ఆమెకి ఇట్టే అర్థమైంది. శాఖలో ప్రింటరు మూలపడ్డప్పటినుంచీ ఆయన కాగితాలన్నీ అక్క జిరాక్స్ షాపులోనే అచ్చవుతున్నాయి. ఆయన ఫోన్లోంచి ఫైళ్లు పంపిస్తాడు. గిరాకీల కాగితాలు చదవకూడదన్నది అక్క నియమం. వచ్చింది వచ్చినట్టు అచ్చేసి, కుట్టి పంపేస్తుంది. భార్యకి తెలియకూడదని రహస్యంగా చేయించుకున్న పరీక్ష భార్య చేతి మీదుగానే సభ్యులందరి ముందుకీ వచ్చింది.

ఆ పేజీ పైకెత్తి చూపిస్తే చాలు, గెలుపు ఆమెదే. కానీ ఒకడి గుట్టు రట్టు చేసి గుట్టు కాపాడాలని వాదించడానికి ఆమెకి మనసొప్పలేదు.

"ఒక మనిషి ఆరోగ్య వివరాలు పొరపాటున మీ కాగితాల్లో కలిసి పదిమంది చేతుల్లో పడ్డాయనుకోండి. ఆ మనిషికి చెప్పాలా?" అని అడిగింది.

బావ కులాసాగా వెనక్కి వాలాడు. "చెబితే అనవసరంగా కంగారు పడతాడండీ. చెప్పక్కర్లేదని అధికారి అనుకుంటే చాలు."

"ఆ పొరపాటు చేసింది ఆ అధికారే అయితే?"

"మరీ మంచిది. విషయం ఆయనకే బాగా తెలుస్తుంది."

సభ్యులు నవ్వారు. బావకి హుషారొచ్చింది. బిల్లునీ ప్రమాణాలనీ పోల్చిన పట్టిక చిట్టచివర ఉంది, అందరూ ఆఖరి పేజీ తీయండన్నాడు. కాగితాలు గలగలమన్నాయి.

ఆమె గబగబా బల్ల చుట్టూ తిరిగొచ్చి తన ప్రతి ఆయన ముందు పెట్టి, "ముందు నువ్వు చూడు బావా" అంది చిన్నగా.

ఆయన చూశాడు. మొహం పాలిపోయింది. భద్రతా కారణాల వల్ల ప్రతులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని గొణిగి, పరీక్ష హాల్లో మాస్టారిలా ఒక్కొక్కరి చేతిలోంచీ లాక్కున్నాడు. అధ్యక్షుడు తన ప్రతి తానే అందించాడు.

"నేను పొద్దున్నే చదివేశానండీ. మీకు చెప్పాలా వద్దా అని అప్పట్నుంచీ కొట్టుమిట్టాడుతున్నాను. మీ సెక్షన్ చూస్తే అక్కర్లేదని ఉంది."

బావ చప్పటి టీ ఒక గుక్క మింగాడు. "చెప్పాలండీ. వెంటనే చెప్పాలి. సవరణ రాసుకోండి."

"దాచడం సబబో కాదో ఎవరు తేల్చాలి?" అని అడిగాడు అధ్యక్షుడు.

"ఎవరైనా సరే," అన్నాడు బావ నీరసంగా. "మేం మాత్రం కాదు."

బయట వరండాలో ప్రతుల కట్ట చంకన పెట్టుకుని మరదల్ని బతిమాలాడు. "మీ అక్కకి చెప్పకే."

"నీ సంగతి నీది బావా. నేనెందుకు చెప్తాను? ముందు అవి ముక్కలు చేయించు."

బావ కదల్లేదు. కాగితాలు ముక్కలు చేసే మిషను శాఖలో లేదు. ఉన్నది అక్క షాపులోనే.

"చదవదులే," అంది ఆమె.

"చదవదు. ఇంత కష్టపడి అచ్చేసినవి ఎందుకు చించుతున్నావని మాత్రం అడుగుతుంది."

"భద్రతా కారణాలని చెప్పి చూడు."