ఖాళీగా ఇవ్వకూడని డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. రాజమండ్రిలో ఓ గిన్నెల కొట్లో పేరు గీసే మిషను పెట్టి నా నడుం మీద ‘కృపావతి’ అని చెక్కారు. నాకు పళ్ళుంటే జివ్వుమనేవి. అలా తునిలో, రైలు గేటు దగ్గరి వీధిలో ఉన్న కృపావతి ఇంటికి చేరాను. పేరు ఆవిడదే గానీ, నా కాపురం మాత్రం రెండిళ్ళలో సాగింది.

క్రిస్మస్‌కి కృపావతి నన్ను కజ్జికాయలతో, గులాబీ పువ్వుల పిండివంటతో నింపి పక్కింటి నూకరత్నానికి ఇచ్చేది. నూకరత్నం నన్ను తోమి, ధనుర్మాసం వెళ్ళేలోగా చక్కెర పొంగలితో తిప్పి పంపేది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది ఆ వీధి చట్టం. పోలీసులు లేకుండా నడిచే చట్టం అదొక్కటే. చలి ముదిరి పగళ్ళు కురచయ్యే రోజులే నాకు ఉద్యోగం. మిగతా ఏడాదంతా సెలవు.

నిరుడు క్రిస్మస్ సాయంత్రం కూడా అలాగే వెళ్ళాను. “హ్యాపీ క్రిస్మస్ వదినా” అంటూ నూకరత్నం నన్ను అందుకుంది. మర్నాడు తెల్లారేసరికి ఆవిడ అత్తగారు పోయారు.

అక్కణ్ణుంచి మొదలైంది నా చెర. పెద్దకొడుకు ఇల్లు కాబట్టి సంవత్సరీకం అయ్యేదాకా వాళ్ళకి పండగల్లేవు. పండగ వంట వండి ఒకరింటికి పంపడమూ లేదు. నన్ను ఖాళీగా ఇవ్వకూడదు, నింపీ ఇవ్వకూడదు. నూకరత్నం నన్ను అటక మీద బోర్లించి గుడ్డ కప్పింది. సంగతి ఇదీ అని పక్కింట్లో చెప్పిందా అంటే, లేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది. ఎదుటివాళ్ళకి తెలుసులే అని మనుషులు చెప్పకుండా ఊరుకున్న మాటలు పోగేస్తే, నాలాంటి డబ్బాలు ఎన్నున్నా చాలవు.

శ్రావణంలో కృపావతి గోడ మీంచి అడిగింది. “మా డబ్బా ఏమైనా కనపడిందా వదినా?”

“ఉంది వదినా, పంపిస్తాను.”

పంపలేదు. ఎలా పంపుతుంది? కొన్నాళ్ళు చూసి కృపావతి తన పెరట్లో అంట్లతో అన్నట్టుగా అంది. “మా వంటలు పడకపోతే చెప్పెయ్యొచ్చు. డబ్బా దాచుకోడం దేనికి?” అంట్లు విన్నాయి, గోడ విన్నది, గోడకి ఇవతల నూకరత్నమూ విన్నది. ఆ తర్వాత వాళ్ళ మాటలు “నీళ్ళొచ్చాయా”, “వచ్చాయి” దగ్గర ఆగిపోయాయి. పాతికేళ్ళ ఇరుగుపొరుగు కుళాయి నీళ్ళ పాలయింది.

ఈ డిసెంబరులో సంవత్సరీకం అయిపోయింది. అయిన వారానికి, ఓ పొద్దున నూకరత్నం భర్త సింహాచలం పేపరు చూస్తూ “ఇవాళ ఏడాదిలోకెల్లా పొట్టి పగలట” అన్నాడు.

“ఎవరికి? పేపరు చదివేవాళ్ళకా?” అంటూ ఆవిడ నన్ను అటక మీంచి దింపింది.

“రేపట్నుంచి పెరుగుతుందట.”

“పెరగనీండి. మార్గశిరంలో మాట్లాడ్డానికి పొద్దుండదంటారు. ఆవిడ నాతో మాట్లాడితే కదా, పొద్దు చాలకపోడానికి.”

“తీసుకోకపోతే?”

నూకరత్నం నన్ను తోమి తుడిచింది. పొంగలి నింపి, మూత నొక్కి, నన్ను రెండు చేతులా పట్టుకుని బయల్దేరింది. లోపల పొంగలి కాలుతోంది, బయట ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

కృపావతి వంటింట్లో కజ్జికాయలు వేయిస్తోంది. నన్ను చూసింది. “దొరికిందన్నమాట.”

“పోతే కదా దొరకడానికి” అంది నూకరత్నం. “అత్తగారి ఏడాది వెళ్ళేదాకా పండగ వంట పంపకూడదు వదినా. ఖాళీగా ఎలా ఇవ్వను?”

“అవన్నీ పదకొండో రోజుతో అయిపోలేదా?”

“పెద్దకొడుకింట్లో ఏడాది పాటించాలి.”

కృపావతి చేతిలోని చిల్లుల గరిటె గాల్లోనే ఆగింది. “ఈ ముక్క గోడ మీంచి అనడానికి ఎంతసేపు?”

“నీకు తెలుసనుకున్నాను.”

“మా ఇంట్లో ఎవరికి తెలుసు ఇవన్నీ? నేనేమో మా క్రిస్మస్ నీకు చేదైందనుకున్నాను. పోనీ, చారెడు పంచదార పోసి ఇచ్చెయ్యకపోయావా? పంచదార పండగ వంట కాదుగా.”

“తట్టలేదు” అంది నూకరత్నం.

నాకూ తట్టలేదు, అన్నాళ్ళూ వేరే పనేమీ లేకపోయినా.

ముందు కృపావతికే నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. కృపావతి నా మూత తీసి, చెంచాడు పొంగలి నోట్లో వేసుకుంది. “నెయ్యి తగ్గించావు.”

“కోపం మీద తింటే అలాగే ఉంటుంది.”

పొంగలి వేరే గిన్నెలోకి మారింది. నన్ను కడిగి, తుడిచి, మొదటి వాయి కజ్జికాయలు పేర్చారు. నూకరత్నం లేవబోతే కృపావతి చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. “వేడి మీద మూత పెడితే మెత్తబడిపోతాయి. చల్లారేదాకా ఉండు.”

ఉండిపోయింది. అత్తగారు ఆఖరి రోజు ఏం తిన్నారో చెప్పింది. ఏడాదిగా అడగాలని ఉండి అడగలేనివన్నీ కృపావతి అడిగింది. రెండో వాయికి పిండి నూకరత్నమే ఒత్తింది. కిటికీ అవతల ఆ చిన్న పగలు జరిగిపోతూనే ఉంది. కజ్జికాయలు చల్లారి చాలాసేపయింది. నా మూత పక్కనే ఉంది. ఇద్దరిలో ఒక్కరూ దాని వైపు చూడలేదు.