ఇంజిన్ కింది తలుపులు

విశ్వేశ్వర్ సేట్‌కు అఫ్జల్‌గంజ్‌లో పైపుల హోల్‌సేల్ దుకాణం ఉంది. పైపులు అమ్మేవాడికి గాలి సంగతి తెలియదా అని ఆయన వాదన. ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే షెడ్డొకటి అద్దెకు తీసుకుని, రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకుంటున్నాడు. ఇంజిన్ పరీక్షలు చేసి పుస్తకంలో రాయడానికి నన్ను పెట్టుకున్నాడు.

నేల మీద నడిపితే పది నిమిషాల్లో సిలిండర్ వేడి రెండువందల నలభై డిగ్రీలు దాటేది. హద్దు రెండువందల ముప్ఫై. సేట్ ఇంజిన్ మీది తొడుగు ముందు భాగంలో గాలికి ఇంకో రంధ్రం కొట్టించాడు. తగ్గలేదు. దాన్ని పెద్దది చేయించాడు. ఆ తర్వాత తడి గోనెసంచి కప్పించాడు. గాలి రావడానికి దారి చాలు, పోవడానికే లేదని చెప్పాను. తొడుగు అడుగున రెండు రేకు తలుపులు పెడితే నేల మీద, పైకి ఎక్కేటప్పుడు తెరిచి, ఎక్కాక మూసుకోవచ్చని బొమ్మ గీసి చూపించాను.

"ఏంది బిడ్డా, ఇమానానికి కోళ్లగూడు తలుపులా?" అన్నాడు.

తొడుగు అచ్చు పోసింది విగ్రహాలు చేసే సక్కుబాయి. ఆమె తల ఎత్తకుండానే అంది: "పొగ పోయే సందు లేని ఇంటికి వాకిలి ఎంత పెద్దగ పెడితే ఏం ఫాయిదా, సేట్?"

తలుపులు నేనూ సక్కుబాయీ బిగించాం. తెరిచి నడిపితే వేడి చూపే సూది రెండువందల పది దగ్గర ఆగింది.

ఆదివారం నాడు బజారు పెద్దలు చూడటానికి వచ్చారు. మర్నాడు శ్రవణ్ అనే పైలట్ వచ్చి, నా పుస్తకం చదివి, దాన్ని నమ్మి ఎగరాలి. సేట్ శేర్వాణీలో వచ్చాడు. తెరిచిన తలుపులు ఫొటోలో విమానం కింది పెదవి వేలాడినట్టుంటాయని వాటిని మూయించి, వాటి మీద వెండిరంగు టేపు అంటించాడు. వద్దన్నాను. వినలేదు. సీట్లో తనే కూర్చుని ఇంజిన్ నడిపాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. సూది రెండువందల నలభై నాలుగుకు పోయి, కాలిన వాసన వస్తే గానీ ఆపలేదు.

దిగి, నా చెవి దగ్గర అన్నాడు: "మొన్న వచ్చిన రెండొందల పదే రాయి. అబద్ధమేం గాదు, నువ్వు సూసిందే గద."

"టేపు తీస్తరా?"

"తియ్య. మస్తు సాఫ్‌గ ఉంది."

రెండువందల నలభై నాలుగు అని రాశాను. తలుపులు మూసి టేపు వేశారు, ఎగరడానికి పనికిరాదు అని కింద రాసి సంతకం పెట్టాను.

"నిన్నెవరు సదివిచ్చిండ్రో," అన్నాడు.

"మా బాపు. మాదన్నపేటల కూరగాయలమ్మి."

సోమవారం శ్రవణ్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. విమానం కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, గోటితో టేపు పీకడం మొదలుపెట్టాడు. సేట్ పక్కనే నిలబడి, రంగు లేస్తది, మెల్లగ తియ్యమని చెప్తున్నాడు.