సన్నాసన్న ఏ ఇంటోడు?

గేటుకి తాళం వేసి ఉంది.

ఇవతల డోలీలో మనిషి ప్రాణం కొట్టుకుంటోంది. అవతల అరకు దాకా నల్లటి తారురోడ్డు. నడుమ ఇనపగేటు, దానికో తాళం. ఈ రాజ్యంలో రోడ్డు ఎవరికోసం వేస్తారని అడిగేవాళ్ళు ఒక్క పూట ఆ గేటు దగ్గర నిలబడితే చాలు, ఇంకే పుస్తకమూ తిరగెయ్యక్కర్లేదు.

"తియ్యి బావూ, తాళం తియ్యి!" సోని రెండు చేతులా గేటు పట్టుకుని ఊపుతోంది. శ్రావణం వాన మొహం మీద కొడుతోంది. "జరం నెత్తికెక్కీసింది. కళ్ళు తేలేత్తన్నాడు. బేగి తియ్యి!"

లోపల క్వారీ వాచ్‌మన్ గొడుగు కింద వణుకుతున్నాడు. "బ్లాస్టింగ్ టైమమ్మా. అది అయ్యేదాకా తియ్యొద్దని ఆర్డరు. తాళంచెవి మేనేజరుగారి కాడుంది. ఫోను సేత్తన్నాను, ఎత్తట్లేదు."

"గెడ్డ పొంగీసింది, కాలిబాట ములిగిపోనాది. ఎటెల్లమంటావు మమ్మల్ని? ఎగరమంటావేటి?"

వాచ్‌మన్ మళ్ళీ ఫోను చెవిన పెట్టుకున్నాడు. డోలీ మోస్తున్న నలుగురూ సోని ఊరివాళ్ళే. బొంగు భుజాల మీదే ఉంది, దించలేదు. ఆ కొండల్లో ఒక పట్టింపు ఉంది. రోగిని ఎత్తిన బొంగు ఆస్పత్రి గుమ్మం దాకా నేల తాకకూడదు. తాకిందంటే మనిషిని మన చేత్తోనే మట్టికి అప్పజెప్పినట్టు. అందుకని కాళ్ళు బురదలో దిగబడుతున్నా, భుజాలు వాచిపోతున్నా అలాగే నిలబడ్డారు.

సోని ప్లాస్టిక్ పట్టా తొలగించి చూసింది. సన్నాసిరావు కళ్ళు తెరిచాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఆడి మీద అరవకే గుంటా," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "పనోడు. తాళం ఆడిది కాదు."

అంతలో కొండ పేలింది. నేల అదిరింది. చెట్ల మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆ పొగ తగ్గి, సైరన్ మోగి, తాళంచెవి పట్టుకుని ఎవడో పరిగెత్తుకొచ్చేసరికి సోని చేతిలో సన్నాసిరావు చెయ్యి చల్లబడిపోయింది. అప్పుడు దించారు బొంగు.

పోయాడయ్యా, పోయాడు! ఆ రోడ్డు కోసం జీవితమంతా ధారపోసినవాడు ఆ రోడ్డు మీద కాలు పెట్టకుండానే పోయాడు. ఇది చెప్పడానికి నా నోరు రావట్లేదు, అయినా చెప్పాలి. మీరు వినాలి.

ఎవరీ సన్నాసిరావు? పార్వతీపురం వైపునుంచి చింతపండు కొనడానికి కొండెక్కిన సావుకారి కొడుకు. సంతలో తండ్రి పక్కన కూర్చుని తక్కెడ పట్టేవాడు. మీసాలు సరిగ్గా మొలవని వయసు. ఒక సంతరోజు కొట్టు ముందునుంచి డోలీ వచ్చింది. లోపల నెలలు నిండిన మనిషి కేకలు పెడుతోంది. ఒక ఊరివాళ్ళు తమ పొలిమేర దాకా మోస్తారు, అక్కడ అవతలి ఊరివాళ్ళు భుజం అందుకుంటారు, అదీ అక్కడి కట్టుబాటు. కానీ ఆ పూట అందుకోవాల్సిన ఊరు ఊరంతా సంతలో చెల్లాచెదురుగా ఉంది. మోసేవాళ్ళకి మోకాళ్ళు వంగిపోతున్నాయి. సన్నాసిరావు తక్కెడ వదిలేసి వెళ్ళి బొంగు కింద భుజం పెట్టాడు.

"ఓలప్పా, సావుకారి గుంటడు బొంగు కింద దూరీసినాడు!" అని సంత సంతంతా నవ్వింది.

నవ్వితే నవ్వనీ. వాడు మళ్ళీ కొట్టుకి వెళ్ళలేదు. తండ్రి తిట్టాడు, బతిమాలాడు, చివరికి కొట్టెత్తేసుకుని కిందికి దిగిపోయాడు. కొడుకు కొండమీదే ఉండిపోయాడు. అక్కడివాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే ఒరియా నేర్చాడు. అంబలి తాగాడు. మలేరియా మాత్రలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగాడు. బడికి పంతులు రాకపోతే ఊరిని వెంటేసుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. అడవి భూములకి పట్టాలు ఇవ్వకపోతే పాడేరు దాకా నడిపించాడు జనాన్ని. సావుకారి గుంటడు కాస్తా సన్నాసన్న అయిపోయాడు.

"పెళ్ళి సేసుకోవేటి సన్నాసన్నా?" అని సోని ఎన్నిసార్లో ఆటపట్టించింది.

"పెళ్ళోరు ఇంత దూరం నడిసొత్తారేటే? రోడ్డు పడనీ, అప్పుడు సేసుకుంటాను," అని నవ్వేవాడు. జుట్టు తెల్లబడింది, పళ్ళు ఊడాయి, ఆ మాట మాత్రం మారలేదు.

ఎట్టకేలకు రోడ్డు వచ్చింది. పోట్లాడి, నిరాహారదీక్షలు చేసి, తన్నులు తిని తెప్పించాడు. రోడ్డుకి భూమి కావాలన్నారు. ఇంటింటికీ తిరిగి ఒప్పించాడు. ఊరి పెద్ద గంగరాజు అందరికన్నా ఎక్కువ మొండికేశాడు. పసుపు పండే పొలం చెక్క మరి, ప్రాణం. "నీ మనవరాలి పురుడుకి డోలీ అక్కర్లేదు గంగరాజూ, జీపు నీ గుమ్మంలోకొస్తాది," అని సన్నాసన్న చెయ్యి పట్టుకుంటే కాదనలేకపోయాడు.

భూమి ఇచ్చారు. రోడ్డు గంగరాజు పొలంలోంచి వచ్చింది, ఒక్క మలుపు తిరిగి నల్లరాతి కొండ దగ్గర ఆగిపోయింది. ఊళ్ళవైపు ఒక్క గంప మట్టి కూడా పడలేదు. కొండ క్వారీకి ఇచ్చారట. రోడ్డు క్వారీదట. నెల తిరక్కుండా గేటు లేచింది. క్వారీ చెత్తరాయి పారబోసే లారీలు ఊళ్ళవైపుకి ఆ గేట్లోంచే వచ్చి పోయేవి.

మీటింగులో గంగరాజు లేచి నిలబడ్డాడు. కళ్ళు నిప్పులు. "నువ్వు కిందోడివి సన్నాసీ. కిందోళ్ళ పనే సేసిపెట్టినావు. ఈ ఊరి మీటింగుకి ఇక రాకు."

సన్నాసన్న లేచి బయటికి నడిచాడు. మర్నాటినుంచి అట్టముక్క మీద 'గేటు తియ్యండి' అని రాసుకుని గేటు ముందు కూర్చున్నాడు. ఒక్కడే. ఎండకి ఎండాడు, వానకి తడిశాడు. లారీలు బురద చిమ్ముకుంటూ పోయేవి. ఏ ఊళ్ళకోసం కూర్చున్నాడో ఆ ఊళ్ళనుంచి ఒక్క పురుగు వెళ్ళి పక్కన కూర్చోలేదు. సోని ఒక్కతే అంబలి పట్టుకెళ్ళేది. ఆ వానలోనే పట్టుకుంది జ్వరం.

ఇదీ సంగతి. మళ్ళీ గేటు దగ్గరికి రండి.

మనిషి పోయాక మేనేజరు మోహన్‌కృష్ణ జీపు వేసుకుని వచ్చాడు. ఫోను ఎత్తనివాడు, చావు కబురికి మాత్రం చెప్పులేసుకోకుండా వచ్చినంత హడావిడి! వెనకాల తెల్లగా కంపెనీ అంబులెన్సు కూడా వచ్చింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిపించాడు.

"చాలా బాధాకరం అమ్మా. సన్యాసిరావుగారు మా వైపు మనిషే. బాడీని వాళ్ళ ఊరికి మేమే పంపిస్తాం. వాళ్ళ పద్ధతిలో వాళ్ళు చేసుకుంటారు. ఎక్కించండర్రా!"

సోని డోలీకి అడ్డంగా నిలబడింది. అంతసేపూ ఏడవనిది, అంబులెన్సుని చూసి భోరుమంది. ఏడుస్తూనే అరిచింది.

"ఇది ఉందేటి మీ కాడ? ఇందాక ఇది ఇక్కడే ఉందేటి? బతికున్నోడికి తెరవని గేటు సచ్చినోడికి తెరుత్తావా? ముట్టుకో సూద్దాం!"

మోహన్‌కృష్ణ వెనక్కి తగ్గాడు. అప్పటికే కబురు కొండలెక్కింది. పొంగిన గెడ్డకి ఇవతలున్న ఊళ్ళన్నీ దిగుతున్నాయి. గొడుగులు లేవు, అడ్డాకు గిడుగులు నెత్తిన పెట్టుకుని ఆడా మగా వచ్చారు. గంగరాజు వచ్చాడు. శవాన్ని చూసి తలపాగా తీసేశాడు. అక్కడే, ఆ వానలో, గేటు ముందే మీటింగు మొదలైంది.

"కిందికి పంపీడమే మంచిదేమో," అన్నాడొక పెద్దాయన. "ఏ గోత్రం నేలలో పెడతాం? పులోళ్ళ నేల పులోళ్ళది, పామోళ్ళ నేల పామోళ్ళది. సన్నాసి ఏ ఇంటోడని ఆడి పేర రాయి నిలబెడతాం?"

"నిజమే. గోత్రం లేనోడిని పెడితే పెద్దలొప్పుకోరు."

"పెద్దలా?" సోని గిరుక్కున తిరిగింది. "మీ పెద్దల్ని ఆస్పత్రికి ఎవుడు మోసినాడు? సెప్పండి! ఏ ఇంటి డోలీ కింద ఆడి బుజం లేదు? ఆడి బుజం మీద కాయ సూడండి, రండి, సూడండి! మోసినప్పుడు ఏ గోత్రపోడివని ఎవులైనా అడిగినారేటి? ఇక్కడ ఒక్కడే కూకున్నాడు. మన కోసం. మనమెవులం రానేదు. మనమే సంపీసినాం, ఈళ్ళతో కలిసి!"

ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

గంగరాజు నెమ్మదిగా వెళ్ళి శవం పక్కన బురదలో చతికిలబడ్డాడు. "కిందోడివని అన్నాను," అన్నాడు ఎవరితోనో కాదు, సన్నాసన్నతోనే. "అప్పుడైనా నన్ను తిట్టవలిసింది నువ్వు." మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తరవాత లేచి ముక్కు తుడుచుకున్నాడు.

"రోడ్డుకి పోగా మిగిలిన పసుపు సెక్క ఈ గేటు పక్కనే ఉంది. అది నాది. అందులో పెడదాం. రాయి మాత్రం సెక్కలో వొద్దు. గేట్లో పెడదాం."

"సచ్చినోడి రాయి మాగమాసంలో కదా నిలబెట్టేది?" అన్నారెవరో.

"మాగం దాకా ఈడు గేటు తెరిసి ఉంచుతాడేటి?" అన్నాడు గంగరాజు.

అందరూ మోహన్‌కృష్ణ వైపు చూశారు. మోహన్‌కృష్ణ జీపెక్కాడు.

మట్టిలో పెట్టారు సన్నాసన్నని. తరవాత క్వారీ పేల్చి పడేసిన రాళ్ళలోంచే నిలువెత్తుది ఒకటి ఏరారు. అడ్డతీగల మోకులు కట్టి లాగారు. ఊళ్ళన్నీ ఒకే మోకు పట్టుకోవడం అదే మొదలు. గంగరాజు డోలీ బొంగు తీసుకుని కొలిచాడు. "అంబులెన్సు పట్టాల. లారీ పట్టకూడదు. గేటు రెక్క మూసుకోకూడదు. అదీ లెక్క." సరిగ్గా రెక్క తిరిగేచోట గొయ్యి తీసి రాయి నిలబెట్టారు. లోపలున్న కార్మికులు పనాపి చూస్తున్నారు. వాచ్‌మన్ గొడుగు పక్కన పెట్టి వచ్చి మోకు చివర ఒక చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున్నే పోలీసు వ్యాను వచ్చింది. రాతికి క్వారీవైపు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఊళ్ళవైపు జనం కూర్చుని ఉన్నారు.

ఎస్సై దిగి రాతిని చూశాడు. "పీకండి," అన్నాడు.

కొండ ఊరినుంచి వచ్చిన కానిస్టేబులు చేతులు నలుపుకున్నాడు. "ఇది సచ్చినోడి రాయి సార్. ఆ గోత్రపోళ్ళు ఒప్పుకోకుండా ముట్టుకుంటే ఊళ్ళు లేసిపోతాయి."

మోహన్‌కృష్ణ ముందుకొచ్చాడు. "వాడికి గోత్రమెక్కడిది సార్? కిందినుంచి వచ్చినవాడు. అనాథ రాయి. ఎవణ్ణీ అడగక్కర్లేదు."

"ఆ మాట వీళ్ళనే చెప్పమనండి." ఎస్సై కాగితాలు తీశాడు. "పోయినవాడిది ఏ ఇంటిపేరు? ఆ ఇంటివాళ్ళెవరో లేవండి. కేసు వాళ్ళ మీదే. మిగతావాళ్ళు ఇళ్ళకి పోవచ్చు."

అదీ వాళ్ళ ఎత్తు. ఒక్క ఇంటిమీదికి తోసేసి మిగతా ఊళ్ళని చీల్చడం. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సోని గంగరాజుకేసి చూసింది. ఇప్పుడెవరూ లేవకపోతే ఆ రాయి అనాథే, సన్నాసన్న అనాథే, మళ్ళీ ఒక్కడే గేటు ముందు.

గంగరాజు లేచాడు. "కిల్లో సన్నాసి. పులోళ్ళు. మా తమ్ముడు."

ఎస్సై రాసుకోబోయాడు. వెనకనుంచి ఒక ముసలామె కర్ర ఊతంతో లేచింది. "అబద్దం. కొర్రా సన్నాసి. నా కొడుకు."

"పాంగి సన్నాసి!" ఇంకో మూలనుంచి.

"గొల్లోరి సన్నాసి, మా బావ!"

"జన్ని సన్నాసి!"

ఒకళ్ళ వెనక ఒకళ్ళు లేస్తూనే ఉన్నారు. ఎస్సై కలం పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. "ఏమిటీ తమాషా? ఒక్క మనిషికి ఇన్ని ఇంటిపేర్లా? నువ్వు చెప్పమ్మా, నిన్నటినుంచి గొడవంతా నీదేగా. వాడు నీకేమవుతాడు?"

సోని లేచింది. మట్టి ఆరని ఆ పసుపు చెక్కకేసి చూసి కళ్ళు తుడుచుకుంది. రెండు చేతులూ బేడీలకి ముందుకి చాపింది.

"వంతల సన్నాసి. రాసుకో బావూ. గెడ్డ పొంగు తీసింది, అవతల ఊళ్ళోళ్ళు కూడా దిగుతన్నారు. ఆళ్ళందరి ఇంటిపేర్లూ రాయాల. నీ కాడ కాయితాలు సాలతాయో లేదో సూసుకో."