జత కూలి

"ఈ ఆడమనిషి మా మిల్లు కూలి కాదు. మొగుడికి క్యారేజీ తెచ్చింది. బెల్టు దగ్గరికి ఎందుకెళ్ళిందో మాకు తెలీదు."

రూబీ శవం ఇంకా కళ్ళం మీద ఉండగానే జగన్నాధం అన్న మాటలివి. రాజాం దాటాక రోడ్డు పక్కనున్న ఉప్పుడు బియ్యం మిల్లుకు అతను యజమాని. ఎలివేటర్ బెల్టు ఆమె చీరకొంగు పట్టి లాగేసి అప్పటికి అరగంటయింది. ఎవరో గోనెపట్టా కప్పారు. పాదాలు బయటికే ఉన్నాయి. వేళ్ళ సందుల్లో వడ్లు. పొద్దున ఆరింటి నుంచి కాళ్ళతో వడ్లు తిరగేస్తున్న మనిషి ఆమె. అప్పుడు టైము తొమ్మిదిన్నర. తొమ్మిదిన్నరకి మధ్యాహ్నం కూడు ఎవరు తెస్తారని అడగాల్సినవాణ్ణి నేను. అడగలేదు.

నా పేరు బెన్హర్. ఆ మిల్లులోనే బస్తాలు మోస్తాను, కూలీల యూనియన్ కార్యదర్శిని. చచ్చిపోయింది నా తమ్ముడు పాల్ భార్య. సాటి కార్మికులారా, విద్యార్థులారా, ఈ కథలో దోషి యజమాని ఒక్కడే అయితే చెప్పడం నాకెంతో సులువయ్యేది.

మా మిల్లులో కూలి జతగా కడతారు. మగవాడు బస్తాలు మోస్తాడు. అతని ఇంటి ఆడమనిషి ఉడికిన వడ్లను కళ్ళం మీద పరుస్తుంది, తిరగేస్తుంది, ఎండాక పోగుచేసి ఎలివేటర్ గోతిలోకి తోస్తుంది. హాజరు వేసే మస్టరు పుస్తకంలో రాసేది మాత్రం ఒక్క పేరే, మగవాడిది. దాని పక్కన 'జత' అని ఉంటుంది. మొగుడు పోయిన తాయారు కూడా మరిది పేరు పక్కన జతే. ఇది జగన్నాధం తెచ్చిపెట్టిన పద్ధతి కాదు. 2009 సమ్మెలో మేం పోరాడి సాధించుకున్నది! ఆడవాళ్ళను పనిలోంచి తీసేస్తానని అతనంటే, ఇంటికి ఇద్దరికీ పని ఇచ్చి తీరాలని పట్టుబట్టాం. ఇద్దరి పేర్లూ దేనికి, జత అని రాస్తే చాలదా అని గుమాస్తా అడిగాడు. చాలన్నాం. ఆ ఒప్పందం మీద సంతకం నాది. ఆ సాయంత్రం గేటు ముందు టపాసులు కూడా కాల్చాం.

అయిదేళ్ళ తర్వాత ఒక ఆదివారం, ప్రార్థనయ్యాక పెట్టుకున్న యూనియన్ మీటింగులో రూబీ లేచి నిలబడింది. పదో తరగతి పాసైన పిల్ల.

"బావా, మస్టర్లో నా పేరు కూడా రాయించు. రేపు నాకేటైనా అయితే నన్ను ఎవులని సెప్తారు?"

మగాళ్ళందరూ నవ్వారు. పాల్ సిగ్గుతో తల దించుకుని, "ఒసే, కూకోయే. పరువు తీసేత్తన్నావు" అన్నాడు.

నేనేమన్నానో చెప్పక తప్పదు. "మొగుడి పేరున్నాది కదే, నీకు ఏరే పేరు దేనికి?" అన్నాను. గంట ముందే, దేవుడి ఎదుట అందరమూ ఒక్కటేనని తలూపి వచ్చినవాణ్ణి. రూబీ కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మూడు నెలలకు చచ్చిపోయింది.

ఆఫీసు గదిలో పాల్ ముందు కాగితం పెట్టారు. భార్య తనకు క్యారేజీ తెచ్చి, సొంత అజాగ్రత్త వల్ల ప్రమాదానికి గురైందని రాసి ఉంది.

"సంతకం పెడితే సాయంత్రానికి శవం ఇంటికొస్తుంది. నీ పని నీకుంటుంది" అన్నాడు జగన్నాధం. "లేదంటావా, కేసుల్లో పడి, పోస్టుమార్టమంటూ ఆసుపత్రిలో కుళ్ళుతుంది. నీ ఇష్టం."

"ఎట్టీరా మావా. పుస్తకంలో పేరు లేనిదానికి ఏటని కొట్లాడతాం?" అన్నాడు కూర్మయ్య. అతనూ మా యూనియనే.

పాల్ నావైపు చూశాడు. ఆరేళ్ళ షీబా అతని లుంగీ పట్టుకుని ఉంది. నేను గోడవైపు చూశాను. సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రమే పాతిపెట్టాం. అందరూ తలో పిడికెడు మట్టి వేసి వెనక్కి తిరుగుతుంటే తాయారు నా చొక్కా పట్టుకుంది.

"ఒరే బెన్హరూ, రూబీ అమ్మి నా పక్కనే తిరగేసింది గదరా. దావేస్తన్నాదంటే నాకు నీళ్ళిచ్చినాది. అది కూడట్టుకొచ్చినాదా? నీ నోటితో నువ్వు సెప్పు."

"మస్టర్లో పేరు లేదు గదా అప్పా. ఏటి సేత్తాం?"

"లేకండా సేసినోలు ఎవులురా?"

ఆవిడ నా చొక్కా వదలకుండా అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ నా ఏడుపు వల్ల ఎవరికేం ఒరిగింది?

మర్నాడు పొద్దున మిగిలిన పదకొండు మంది ఆడవాళ్ళూ, నా భార్యతో సహా, గేటు దగ్గరికొచ్చి, లోపలికి వెళ్ళకుండా అడ్డంగా కూర్చున్నారు. లోపల తొట్లలో వడ్లు ఉడికి సిద్ధంగా ఉన్నాయి. ఉడికిన వడ్లు మధ్యాహ్నంలోగా కళ్ళం మీద పరచకపోతే పులిసి కంపు కొడతాయి. ఇక ఎందుకూ పనికిరావు. ఆ సంగతి వాళ్ళకు జగన్నాధం కంటే బాగా తెలుసు.

"రూబీ పేరు రాయాల" అంది తాయారు. "ఆ దినం పనిలో ఉన్నాదని రాయాల. తరవాతే మా పేర్లు."

కూర్మయ్య మండిపడ్డాడు. "మీ ఆడోల పంతానికి మా కూలి పోవాలేటి?"

అతని భార్య చిన్నతల్లి లేచి నిలబడింది. మా మీటింగుల్లో ఎన్నడూ నోరెత్తని మనిషి. "నీ కూలి అంటన్నావు, అందుల సగం నాది కాదా? నాను పుస్తకంలోనే లేను కదా, రాకపోతే నీకేటి నష్టం? ఎల్లు. ఎల్లి నువ్వే పరుసుకో."

కూర్మయ్య వెళ్ళలేదు. మగాళ్ళెవరికీ ఆ పని రాదు. పొరపాటున కూడా ఎప్పుడూ నేర్చుకోలేదు.

పదకొండు గంటలకు పాల్ వచ్చాడు, షీబాను ఎత్తుకుని. ఆడవాళ్ళ ఎదురుగా నిలబడ్డాడు. "నాను అబద్ధం రాసినాను. అది కూడు తేలేదు. పని సేస్తా సేస్తా సచ్చిపోనాది" అంటూ నడిరోడ్డు మీద కూలబడి భోరుమన్నాడు. పిల్ల అతని మొహం తుడుస్తోంది. అప్పటికే పులుపెక్కుతున్న వడ్ల వాసన గేటు దాటి వస్తోంది. కాసేపటికి పోలీసు వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోయింది. మగాళ్ళం వెనకే స్టేషనుకు వెళ్ళాం.

స్టేషన్లో ఎస్సై జగన్నాధం ఇచ్చిన ఫిర్యాదు నా చేతికిచ్చి, వీళ్ళకు చదివి వినిపించమన్నాడు. చదివాను. "నా మిల్లులో పనిచేయుచున్న పదకొండు మంది ఆడకూలీలు పని మానివేసి, గేటుకు అడ్డముగా కూర్చుని..."

"మళ్ళీ సదువు" అంది తాయారు.

మళ్ళీ చదివాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసి అంది.

"పని సేసినన్నాళ్ళూ కూలోలం కాము. పని ఆపితే కూలోలమైపోనాం. అమ్మి ఆపనేదు. అందుకే దానికి పేరు నేదు."

ఎస్సై గొంతు తగ్గించి, ఇంటి మగాళ్ళు జామీను సంతకాలు పెట్టి తీసుకుపోవచ్చన్నాడు. మేం వరసలో నిలబడ్డాం. పెన్ను ముందు నేనే అందుకున్నాను.

"పెన్ను ఎట్టీరా బెన్హరూ" అంది తాయారు. "మా కోసం మీరెట్టిన సంతకాలు సాలు."

"అయితే రిమాండే, ఆలోచించుకోండి" అన్నాడు ఎస్సై.

"పదండి బాబూ" అంటూ చిన్నతల్లి వ్యాను వైపు నడిచింది. మెట్టు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగి, "పిల్లకి జడేసి బడికి అంపు" అని కూర్మయ్యతో చెప్పింది. అతను తలూపాడు. అతనికి జడ వెయ్యడం కూడా రాదు.

పదకొండు మందినీ మేజిస్ట్రేటు ముందుకు, అక్కణ్ణుంచి జైలుకు తీసుకుపోయారు. వ్యాను కనిపించినంత దూరం వాళ్ళు ఒకే మాట అరుస్తున్నారు: "రూబీ పేరు రాయండి!"

మర్నాడు పొద్దున మగాళ్ళం పన్నెండు మందిమి గేటు దగ్గరికి వెళ్ళాం. పనికి వెళ్ళాలో మానాలో ఎవరమూ ఎవరితోనూ అనుకోలేదు. గుమాస్తా మస్టరు తెరిచి ఎప్పటిలాగే పిలిచాడు.

"బెన్హర్, జత."

నేను పలకలేదు.

"కూర్మయ్య, జత."

అతనూ పలకలేదు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని కింది పేరు చదివాడు.

"పాల్, జత."

"జత సచ్చిపోనాది బాబూ" అన్నాడు నా తమ్ముడు. "దాని పేరు రూబీ. రాయండి."

గుమాస్తా పెన్ను ఎత్తలేదు. మేం లోపలికి వెళ్ళలేదు.