ఎస్తేరు తీసిపెట్టిన బియ్యం

శనివారం ఉదయం ఉప్పు కోసం వంటింటి అలమర వెతుకుతున్న కృపారావుకు పాలపొడి డబ్బా మీద పాకుతున్న నల్ల పురుగొకటి కనిపించింది. మూత తీశాడు. ఇంకొన్ని అంచు మీదికి ఎక్కివచ్చాయి. ముప్పాతిక డబ్బా బియ్యం. గింజల మధ్య తెల్లటి పొడి రాలి ఉంది. అక్కడక్కడ గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కట్టాయి.

అది ఎస్తేరు డబ్బా.

రెండు పూటలా బియ్యం కడిగే ముందు ఎస్తేరు అందులోంచి ఒక గుప్పెడు తీసి ఈ డబ్బాలో వేసేది. సాతంరాయిలో వాళ్ల చర్చి సంఘపు ఆడవాళ్లందరూ అలాగే చేస్తారు. ఆదివారం ఎవరి డబ్బా వాళ్లు గుడికి తెచ్చి పెద్ద స్టీలు గిన్నెలో కుమ్మరిస్తారు. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో ఆ ఇంటికి ఆ బియ్యం వెళుతుంది. కొట్లో కొని తెచ్చి పోస్తే అది దానమవుతుంది కాని గుప్పెడు బియ్యం కాదనేది ఎస్తేరు. మన కడుపులోకి పోవలసిన దాంట్లోంచి తియ్యాలి, అంతే తేడా అనేది.

నిరుటి వానల్లో ఆమె జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. అప్పటినుంచి కృపారావు పొయ్యి వెలిగించలేదు. విమానాశ్రయం సరుకుల గోదాములో ఉద్యోగం కాబట్టి పగలు అక్కడి క్యాంటీన్‌లో తింటాడు, ఇంటికి వచ్చాక రొట్టెముక్కో పెరుగో. ఆదివారాలు మాత్రం కొట్లో మంచి బియ్యం కొని గుడికి పట్టుకెళుతున్నాడు. భార్య పోయినా మానలేదు, ఎంత భక్తో అని జనం అనుకుంటుంటే తల వంచుకుని నిలబడేవాడు. ఈ డబ్బాను ఇవ్వడం అతని వల్ల కాలేదు. అందులో ఉన్నదంతా ఆమె చేతి కొలత. ఆ చెయ్యి ఇక కొలవదు.

డబ్బా పట్టుకుని వెనక గుమ్మంలోకి వచ్చాడు. పక్కింటి దుర్గవ్వ కోళ్లకు నూకలు చల్లుతోంది. ఆమె అత్తవారి జొన్నచేను ఇప్పుడు విమానాశ్రయం కంచె లోపల ఉంది. ఆమెకు చర్చి లేదు, ఎస్తేరు మాత్రం ఉండేది.

"ఏంది సారూ, పొద్దుగాల్నే డబ్బా పట్టుకొని గట్ల నిలబడ్డవ్?"

"పురుగు పట్టిందండీ దుర్గవ్వగారూ. ఏం చెయ్యాలో తెలియడం లేదు."

"పుర్వులే గదా, పులి గాదు గదా. ఇటు తే." ఆమె లోపలికి తొంగిచూసి మొహం చిట్లించింది. "మస్తు దినాల బియ్యం. వండుకోక ఎందుకు దాసినవ్?"

"నావి కావు. గుడికి ఇవ్వాల్సినవి. ఎస్తేరు తీసిపెట్టింది."

"అంటే దేవుని బియ్యమా?" దుర్గవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మో! దేవుని బియ్యం ఇంట్ల దాసుకున్నడట! సూడనీకి మెత్తగుంటవ్ గని సారూ, నువ్వు పెద్ద దొంగవే."

ఆమె నవ్వింది. అతనూ నవ్వబోయాడు, పెదవులు సహకరించలేదు. అది చూసి దుర్గవ్వ నవ్వు ఆపేసి, గొంతు తగ్గించింది.

"సరే, చాట తే."

"ఎక్కడుందో..."

"ఫ్రిజ్ ఎనక పెడ్తుండె అక్క. సూడు పో."

చాట అక్కడే ఉంది. పాత దుప్పటి పరిచి, వరండా అంచున నీరెండ పడేచోట బియ్యం పోశారు. ఎండ తగలగానే పురుగులు నీడను వెతుక్కుంటూ దుప్పటి చివరలకు నడక సాగించాయి. దుర్గవ్వ కొంచెం కొంచెంగా చాటలోకి తీసుకుని చెరుగుతుంటే పొడి గాలికి లేచింది. కృపారావు ఉండలు విడదీస్తున్నాడు.

"మీ ఇంటామె గుప్పెడు ఎంత సారూ? గింతే! గాజులు గూడ చిన్నపోరిల కొలతవే పట్టేటియి. అక్కా, గింతదానికి ఎవలి కడుపు నిండుతది అని నేనంటుంటి. నా ఒక్కదానిదే అయితే నిండదు దుర్గవ్వా అంటుండె."

ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. తాను ఇంట్లో లేని పూట, ఈ గుమ్మంలో ఎస్తేరు అన్న మాట. పోయిన మనిషి నోటినుంచి కొత్త మాట ఒకటి అందుతుందని అతను అనుకోలేదు. తల ఎత్తకుండా దాన్ని మనసులోనే ఇంకోసారి చెప్పుకున్నాడు.

అంతలో నల్లకోడి ఒకటి దుప్పటి మీదికి ఎక్కి టకటకా పొడవడం మొదలుపెట్టింది. కృపారావు ఒక్క ఉదుటున లేచాడు. చెప్పు తీసి విసిరాడు. అది గోడకు తగిలి కింద పడింది. కోడి అరుచుకుంటూ గోడ దూకిపోయింది.

దుర్గవ్వ చాట దించి అతనివైపు చూసింది. "అది పుర్వులనే తిన్నది సారూ."

"గింజలు కూడా తింటుంది కదా."

"తింటే ఏమైతది? ఒక్క గింజ."

అతను మళ్లీ కూర్చుని ఉండలు విడదీయసాగాడు. విమానమొకటి దిగుతూ వచ్చి, దాని నీడ దుప్పటి మీదుగా, ఇద్దరి చేతుల మీదుగా జారిపోయింది.

చాలా ఏళ్లు అతను సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పాడు. అరణ్యంలో ఆకలిగొన్న జనానికి దేవుడు ఏ రోజుకారోజు మన్నా అనే ఆహారం కురిపించిన సంగతి చెప్పేటప్పుడు, వద్దన్నా రేపటికని దాచుకున్నవాళ్ల దగ్గరికి వచ్చి కళ్లు పెద్దవి చేసేవాడు. చూశారా, ఆశపోతులు, పురుగు పట్టింది అనేవాడు. పిల్లలు ఛీ అని ముక్కులు మూసుకునేవారు. ఇప్పుడు బియ్యంలోంచి పురుగును వేలితో పక్కకు తోస్తుంటే ఆ మనుషులు అతనికి మరోలా కనబడ్డారు. వాళ్లది ఆశ కాదేమో. రేపు ఇక కురవదేమోనని భయం. రాత్రంతా ఆ కుండ పక్కనే మేలుకుని ఉండి ఉంటారు. దేవుడు వాళ్ల మీద కోపగించాడనే ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాడు. కాని మర్నాడు తెల్లవారాక వాళ్ల గుడారాల ముందు కూడా మన్నా కురిసే ఉంటుంది. దాచినవాళ్లకు మానేసి మిగతావాళ్లకే కురిపించలేదు ఆయన. ఆ సంగతి ఒక్క పిల్లవాడికీ చెప్పలేదే అనుకున్నాడు కృపారావు.

"రేపు గుడికి తీసుకెళతాను," అన్నాడు.

"తీస్కపోతవో, దాస్తవో, నీ ఇష్టం," అని దుర్గవ్వ చాట దులిపింది. "చెప్పు మాత్రం తెచ్చుకో. నా కోడి దవాఖాన ఖర్చు ఎట్లనూ నీదే."

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు వరుస కట్టారు. రేకుల షెడ్డు చివర, స్టీలు గిన్నె దగ్గర పాస్టరమ్మ కూర్చుంది. కృపారావు చేతిలో పాలపొడి డబ్బా చూసి ఆమె కనుబొమలు లేచాయి.

"వందనాలన్నా. అక్క డబ్బా గదా ఇది."

"అవునమ్మా."

డబ్బా వంచబోయాడు. చెయ్యి ఒంగలేదు. గిన్నెలో అప్పటికే రేషన్ దొడ్డు బియ్యం, పాతవి, కొత్తవి, నూకలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఒక్కసారి పోస్తే ఇక ఏది ఎస్తేరుదో వేరు చేయడం ఎవరి తరం కాదు. పాస్టరమ్మ తొందరపెట్టలేదు. గిన్నెను అతనివైపు కొంచెం జరిపి పట్టుకుంది.

కళ్లు మూసుకుని వంచాడు. సన్నటి చప్పుడు. కళ్లు తెరిచేసరికి ఆ కుప్ప మీద సన్నబియ్యం ఒక తెల్లటి పొరలా పరుచుకుని ఉంది. చూపు నిలిపేలోపే వెనకనుంచి మరో చెయ్యి వచ్చింది.

"జర జరుగన్నా, బస్సు పోతది నాకు."

ఆమె డబ్బా బోర్లించింది. తెల్లటి పొర కిందికి వెళ్లిపోయింది. కృపారావు పక్కకు జరిగాడు.

గిన్నెలోని బియ్యం సంచిలోకి ఎత్తాక, పాస్టరు దాన్ని పట్టుకుని బయట అతని స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడు. "అన్నా, ఈ సంచి జర పాల్మాకుల దాకా చేరుస్తవా? మన శ్రీలత ఇల్లు. ఆమె పెనిమిటి రవీందర్ బిల్డింగు పనిల పరంజి మీదికెల్లి పడ్డడు, ఎరికే గదా. అత్త దవాఖానల కూసున్నది. ఈ పిల్ల ఒక్కతే ఉంది, పసిదాన్ని ఏసుకొని."

ఇప్పుడే వదిలించుకున్న దాన్ని మళ్లీ తనచేతనే మోయిస్తున్నారు. కాదనడానికి కారణం దొరక్క కృపారావు సంచి ముందు పెట్టుకుని హైవే ఎక్కాడు. మోకాళ్ల మధ్య బియ్యం బరువుగా, బతికున్నదానిలా కదులుతూ వచ్చింది.

శ్రీలతది ఒక్క గది కిరాయి ఇల్లు. చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. సంచి అందుకుంటూ ఆమె కళ్లు దించుకుంది. ప్రార్థన చేసి వెళతానన్నాడు కృపారావు.

"ప్రార్థన చేసి పోతవా? అందరు గట్లనే పోతున్రు బాపు. ఎవ్వలు ఇంట్ల కూసుంటలేరు." ఆమె కుర్చీ జరిపి వేసింది. "కూసో. తిని పో."

కూర్చున్నాడు. ఆమె సంచి విప్పి, గ్లాసుతో బియ్యం గిన్నెలోకి కొలిచింది. నీళ్లు పొయ్యబోయి ఆగింది. కొలిచినదాంట్లోంచి ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసింది.

కృపారావు కుర్చీలోంచి సగం లేచాడు. "అదేంటమ్మా? ఇది నీకోసం తెచ్చింది. నువ్వు తియ్యనక్కర్లేదు."

"నాకిచ్చినంక నాదే గద బాపు," అంది శ్రీలత బియ్యం కడుగుతూ. "నా దాంట్లకెల్లి నేను తీస్తున్న. మస్తుమంది ఉన్నరు, నాకన్నా పరేషాన్ల."

ఆమె మామూలుగా అంది. గొప్ప పని చేస్తున్నట్టు ఆమె మొహంలో ఏమీ లేదు. కృపారావు మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. ఏదో ముగిసిపోయిందని తాను ఏడు నెలలుగా కాపలా కాస్తున్నాడు. అది ఆగలేదు. తన వంటింట్లో మాత్రమే ఆగింది.

అన్నం, పచ్చిపులుసు, వేయించిన మిరపకాయ. కంచం ముందు పెట్టి, ప్రార్థన చెయ్యమంది. చేతులు జోడించాడు. మనుషుల ముందు ప్రార్థన అతనికి కొత్త కాదు. ఈ ఏడు నెలల్లోనూ, అడిగిన ప్రతిచోటా, అలవాటైన మాటలే వరసగా వచ్చేవి. ఇప్పుడు అవేవీ రాలేదు.

"ప్రభువా, ఈ పూట..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

శ్రీలత కాసేపు చూసింది. "ఆమెన్," అంది.

కలగలుపు బియ్యం ఒకేలా ఉడకదు. సన్నగింజ మెత్తబడి చితికిపోయింది, దొడ్డుగింజ ఇంకా పలుకుగానే ఉంది. మొదటి ముద్దలో అతను సన్నగింజల కోసం వెతికాడు. రెండో ముద్దలోనూ వెతికాడు. అవి ఎస్తేరువే కావచ్చు, వేరే ఎవరివైనా కావచ్చు. పలుకు గింజ పంటికింద నలిగింది. పులుసు పుల్లగా, కారంగా నాలుక మీద పాకింది. ఆకలి వేస్తోందని అప్పుడు తెలిసింది అతనికి. నిజమైన ఆకలి, ఇంట్లో వండిన అన్నం ముందు కూర్చున్న మనిషికి వేసే ఆకలి. వెతకడం మానేసి తినసాగాడు. కంట్లోంచి కారినదాన్ని ఎడమచేత్తో తుడుచుకున్నాడు.

కంచం ఖాళీ అయ్యాక ఆమె గరిటె పట్టుకుని నిలబడింది.

"ఇంకింత ఎయ్యాల్నా?"

"వెయ్యమ్మా," అన్నాడు కృపారావు, కంచం ముందుకు జరుపుతూ.