పన్నెండో కిటికీ

మూడో వరుస దాకా నేల తడిపి, బాల్చీ దించి, నాగరాజన్ మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చర్మం పొడిగా ఉంది. గాలి రావడానికి ఇంకా టైముంది.

కోయంబత్తూరు ఉత్తరపు కొసన ఉన్న ఆ మిల్లులో, నూలు వడికే షెడ్డులో, ముప్ఫై నాలుగేళ్ళుగా అతని పని అదే. ఎండ ముదిరితే నేల తడపాలి. పడమటి గోడకున్న పన్నెండు కిటికీలను కొక్కెం కర్రతో వేళెరిగి తెరవాలి, మూయాలి. గాలిలో తడి తగ్గిందంటే పోగు తెగుతుంది. ఆడవాళ్ళు మిషను పొడవునా పరుగెత్తి అతుకులు వేసుకోవాలి. నాగరాజన్ బక్కపలచని మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ దూది నుసి. తడిలో నాని నాని అరికాళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి.

ఇవాళ తెరవడానికి ఒక్క కిటికీయే మిగిలింది. పదకొండింటిని మేస్త్రీలు వారంలో ఇటుకలతో మూసేశారు. కప్పు కింద కొత్త గొట్టాలు వచ్చాయి. వాటిలోంచి నీటి తుంపర రోజంతా ఒకే తీరుగా దిగుతుంది. బయటి గాలి లోపలికి రాకూడదు. షెడ్డులో సగానికి ఇప్పటికే వదిలారు, మిగతా సగానికి రేపు. నాగరాజన్ ఆ గొట్టాల కింద రెండు రోజులు నిలబడి చూశాడు. పోగు తెగలేదు. కోపం రావలసిన చోట అతనికి మెచ్చుకోలే వచ్చింది.

సూపర్వైజరు శంకరన్ వచ్చాడు. పీళమేడు తెలుగింటివాడు, నెమ్మదస్తుడు.

"అన్నా, గేటు కాడ వేలై ఉండాది. కూచొనే పని. మిల్లు మొదలాళికి బదులు చెప్పాల."

"షిఫ్టు సంగు ఊదేలోపల చెప్తాను సార్."

గేటు తూర్పున ఉంది. ఎత్తయిన గోడ చాటు. అక్కడ గాలి ఆడదు.

తుడియలూరులో నాగరాజన్ ఇంటికి తూర్పున రెండు కిటికీలు, పడమట ఒకటి. దానికి అవ్వ సెల్లాయి ఒక కథ చెప్పేది. మనవాళ్ళు తూర్పు సముద్రం ఒడ్డున బతికినవాళ్ళట. పొద్దు వాలితే నీళ్ళ మీంచి పైరగాలి వచ్చేదట. ఈ దేశం దిగి ఇల్లు కట్టుకున్నప్పుడు అలవాటుకొద్దీ తూర్పున కిటికీలు పెట్టుకుని, ఒక వేసవంతా కాచుకుని కూర్చున్నారు. రాలేదు. వచ్చినప్పుడు వెనకనుంచి వచ్చింది, మలయాళ సముద్రం మీంచి, పాలక్కాడు కనుమ దూరి. గోడ పగలగొట్టి మూడో కిటికీ పెట్టారు. పేరు మాత్రం మార్చలేదు. ఊరంతా దాన్ని మేల్‌కాత్తు, పడమటి గాలి, అన్నా ఆ ఇంట్లో అది పైరగాలే. ఆ తడిగాలి లేకుంటే నల్లరేగడిలో ఎంత పత్తి పండినా ఇన్ని మిల్లులు లేచేవి కావని నాగరాజన్ నమ్మకం. దాన్ని నమ్ముకునే ఇద్దరు కూతుళ్ళను పెంచి పెళ్ళిళ్ళు చేశాడు. సముద్రాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

రెండున్నరకు మేస్త్రీలు పన్నెండో కిటికీ దగ్గర సున్నం కలపడం మొదలుపెట్టారు. అప్పుడే నాగరాజన్ మెడ మీద వెంట్రుకలు చల్లబడ్డాయి.

"కొంజం పొరుంగో," అని వాళ్ళను ఆపాడు. శంకరన్ వైపు తిరిగాడు. "గాలి వస్తా ఉండాది సార్. ఒక కాల్‌మణి."

శంకరన్ తల ఊపాడు. మేస్త్రీలు తాపీలు దించారు.

వైగాసి నెల తొలి పడమటి గాలి ఆ ఒక్క కిటికీలోంచి లోపలికి వచ్చింది. నాలుగో వరుసలో అతుకులు వేసి వేసి అలసిన జోతిమణి చేతులు దించి, చెమట పట్టిన మెడను అటు తిప్పింది. ఆమె పక్కనున్నవాళ్ళూ తిప్పారు. కాసేపట్లో ఆ వరుసలో పోగులు తెగడం మానేశాయి. శంకరన్ కూడా చొక్కా పై గుండీ విప్పుకుని నిలబడ్డాడు.

ఆ పావుగంట అయ్యాక నాగరాజన్ తనే మేస్త్రీలకు సైగ చేశాడు. తర్వాత శంకరన్ దగ్గరికి వెళ్ళి, "గేటు వేలై నాకు వద్దు సార్," అన్నాడు. "ఇంకెవురికన్నా ఇయ్యండి."

"ఏంటికన్నా? కోపమా?"

"కోపమేమీ లేదు. మీ గొట్టాలు బాగుండాయి. నాకన్నా బాగుండాయి."

ఇంటికి వచ్చేసరికి భార్య తాయమ్మాళ్ ఎనుములకు తవుడు కలుపుతోంది. అతని ముఖం చూసి చెయ్యి ఆపింది.

"వేలై వద్దని చెప్పేసినారా?"

"ఆమా. రేపు రైలుకు కోళిక్కోడు పోతాము."

"ఆడ మనకు ఎవురుండారు?"

"పైరగాలి పుట్టే కడల్ ఉండాది." అతను తిన్నె మీద కూర్చున్నాడు. "అది ఇన్నేండ్లు మన ఇంటికి వచ్చిండాది తాయీ. ఒక దినం మనం పోయి చూసేది మర్యాద కాదా?"

తాయమ్మాళ్ తవుడు చేతులు కడుక్కుంది.

"ఎనుములను పక్కింటి రాజామణికి అప్పజెప్తాను," అంది. "దోవకు పులిసాదమా, పెరుగుసాదమా?"

"రెండూ కట్టు."

తెల్లవారి ఇద్దరూ మొదటి బస్సుకు రైల్వే స్టేషనుకు వెళ్ళిపోయారు. తాయమ్మాళ్ పెళ్ళినాటి పట్టు చీర కట్టుకుంది.

ఏడింటికి షెడ్డు మొత్తానికి తుంపర వదిలారు. గోడ పొడవునా ఒకటే తడి సున్నం. పన్నెండో కిటికీ ఉన్నచోటికి పక్కన మేకుకు నాగరాజన్ మంచినీళ్ళ డబ్బా వేలాడుతోంది. తాగగా మిగిలిన నీళ్ళ మీద సన్నటి దూది పొర కట్టింది.