చూరు దించిన చుట్టిల్లు

విజయనగరంలో నాకు రంగుల షాపుంది. ఇంటికి ఏ రంగు వేయించాలో తేల్చుకోలేని వాళ్ళుంటే, ఆ ఇంటిని కాగితం మీద గీసి, రంగులు పూసి చూపిస్తాను. డబ్బాలు అమ్ముడుపోతాయి. ఆరేళ్ళలో నాలుగు వందల ఇళ్ళు గీశాను. పని మొదలయ్యాక పెయింటర్లు ఆ కాగితాలతోనే బ్రష్షులు తుడుచుకునేవారు. నిలవ ఉన్న బొమ్మలు సున్నా.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు, విశాఖపట్నంలో పుస్తకాలు వేసే అనితగారు ఎవరింట్లోనో నా బొమ్మ చూసి ఫోన్ చేశారు. "ఈశ్వరిగారూ, ఇక్కడి ఇళ్ళ మీద బొమ్మల పుస్తకం వేస్తున్నాం. రేపు మూడింటిలోగా ఒక చుట్టిల్లు గీసి పంపండి. నచ్చితే ముప్పై ఇళ్ళూ మీరే గీయాలి."

నా బొమ్మ పుస్తకంలో! మర్నాడు షాపు తమ్ముడికి అప్పజెప్పి మొదటి బస్సెక్కేశాను.

కళింగపట్నం అవతల, సముద్రం ఒడ్డు పల్లెలో గురమ్మ అనే పెద్దావిడ చుట్టిల్లు దొరికింది. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగిందంటే గోడ సగం దాగిపోయింది, తలుపు పైభాగం కనబడదు.

"గీసుకో తల్లీ, దానికేటి" అంది గురమ్మ, ఎండుచేపలు తిరగేస్తూ.

సరుకు కనబడకపోతే ఎవరు చూస్తారు? చూరును మూరెడు పైకెత్తి గీశాను. ఎర్రమట్టి గోడ, దానిమీద సున్నపు ముగ్గు, నీలం తలుపు అన్నీ బయటపడ్డాయి. నాకే ముద్దొచ్చింది. గురమ్మకు చూపించాను.

"ఇదెవులిల్లే?"

"నీదే పెద్దమ్మా."

"నాదేటి! ఇంత పైకెత్తీసావు, గాలి కింద్నించి దూరిపోయి కప్పు పట్టుకుపోతాది. మొన్న తుఫానుకి నా ఇల్లు నిలబడ్డాదంటే ఈ సూరు వల్లే."

"తలుపు కనబడాలి కదా?"

"ఒంగితే కనబడతాది. కలెక్టరొచ్చినా ఒంగే వస్తాడు."

పక్కన వల అల్లుతున్న ఆమె మరిది అసిరయ్య, నాది విజయనగరమని అప్పటికే అడిగి తెలుసుకున్నాడేమో, పగలబడి నవ్వాడు. "ఆ కప్పు ఆవిడకే ఇచ్చీ వదినా. తుఫానొస్తే ఇజీనారంలోనే దిగుతాది!"

ఒంటిగంటన్నర అయింది. చేతిలో తయారైన బొమ్మ ఉంది. మళ్ళీ గీస్తే మూడింటికి అందకపోవచ్చు. కానీ కప్పు నిలవని ఇల్లు పుస్తకంలో ఎన్నాళ్ళు నిలుస్తుంది? కాగితం మార్చాను.

ఈసారి ఇసకలో చతికిలబడి, తల వంచి చూశాను. అబ్బ! కప్పు బోర్లించిన పెద్ద గంపలా కాగితమంతా పరుచుకుంది. దాని కింద సన్నటి నీడ, అందులో నీలం తలుపు సగం, నీళ్ళ బిందె. చెయ్యి ఆగలేదు. గురమ్మ వెనక నిలబడి, "ఇంకాస్త దించు, ఇంకాస్త" అంటూనే ఉంది.

మూడింటికి ఐదు నిమిషాలుందనగా బొమ్మను ఫొటో తీశాను. సిగ్నల్ లేదు. ఒడ్డునున్న పడవెక్కి నిలబడితే వెళ్ళింది. రెండు నిమిషాల్లో ఫోను మోగింది.

"తలుపు సగమే ఉందేంటండీ?" అన్నారు అనితగారు.

"ఆ ఇంట్లోకి ఒంగే వెళ్ళాలి మేడం. చూరు ఎత్తితే అది ఈ ఊరి ఇల్లు కాదు."



"మిగతా ఇరవై తొమ్మిదీ ఇలాగే గీయండి."

నేను వేసిన కేకకు కాకులు లేచిపోయాయి. సంగతి విని గురమ్మ నా రెక్క పుచ్చుకుంది.

"ఇంకా ఇరవైతొమ్మిదా? మరేటి సూస్తన్నావే! నడు, మా తోటికోడలిల్లు సూపిస్తాను. పొద్దు సాలా ఉన్నాది."

సంచిలో రెండే కాగితాలున్నాయి. వెళ్ళాను.